దరఖాస్తులో గడి లేని కళ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల సాంస్కృతిక నిర్వాహకులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో కళా ప్రదర్శనలకు అనుమతులు, వేదికలు, పారితోషికాలు నిర్ణయించే అధికారులకు, కళామందిరాలను, నాటక పరిషత్తులను నడుపుతున్న పెద్దలకు నమస్కారములు.

ఈ లేఖకు మూలం ఒక దరఖాస్తు ఫారం. పోయిన వేసవిలో, వలస కూలీలే తమ బతుకును ప్రదర్శించే మా బృందం ఒక పట్టణంలోని కళామందిరాన్ని ఒక పూట ప్రదర్శన కోసం అడిగినప్పుడు మా చేతికిచ్చిన ఫారంలో "కళారూపం" అని ఒక గడి ఉంది. దాని కింద నాటకం, నాటిక, ఏకపాత్రాభినయం, నృత్యం, హరికథ, భజన, జానపదం అని వరుసగా అచ్చువేసి, వీటిలో ఒకదానికి టిక్కు పెట్టమన్నారు. మేము దేనికీ టిక్కు పెట్టకుండా పక్కన "పెర్ఫార్మెన్స్ ఆర్ట్" అని రాశాము. గుమాస్తా గారు కళ్లజోడు సవరించుకుని, "అంటే ఏకపాత్రాభినయమా అమ్మా?" అని అడిగారు. కాదండీ, పదకొండు మందిమి ఉన్నామని చెప్పాను. "అయితే నాటిక." ఇందులో పాత్రలు లేవండీ, ఎవరికి వారుగానే కనిపిస్తారు అన్నాను. "పాటలైనా ఉన్నాయా?" ఒక్కటీ లేదు. ఆయన మంచి మనిషి. కాసేపు ఆలోచించి, ఎర్ర సిరాతో "ఇతరములు" అని రాసి, ఇతరములకు హాలు ఇచ్చే అధికారం తనకు లేదని, పైవారిని అడగాలని చెప్పారు. నెల తరువాత జవాబు వచ్చింది. విషయం వలస కూలీలకు సంబంధించినది కనుక దీనిని అవగాహన సదస్సుగా మార్చుకుంటే హాలు ఉచితంగా ఇస్తామన్నారు.

హాలు దొరుకుతుందన్న ఆశతో ఒప్పుకున్నాము. ఆ తప్పు మాదే. వేదిక వెనక బ్యానరు మీద ప్రముఖుల ఫొటోలు పోగా మిగిలిన చోటులో మా ప్రదర్శన పేరు కూడా పట్టలేదు. గంటన్నర ప్రసంగాల తరువాత మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. వ్యాఖ్యాత మా వాళ్లను "మన అతిథి కార్మిక సోదరులు" అని పరిచయం చేశారు. వారిలో ఆరుగురు ఈ జిల్లాలోనే పుట్టినవారు. చివరికి అందరికీ శాలువాలు కప్పారు, బస్సు ఛార్జీలు మాత్రం ఎవరి జేబులోంచి వారే పెట్టుకున్నారు. మే నెల ఎండలో, రోజు కూలి వదులుకుని వచ్చిన మనిషికి శాలువా ఏ విధంగా ఉపయోగపడుతుందని నిర్వాహకులు అనుకున్నారో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

మిమ్మల్ని నేను కోరేది ఒకే ఒక్కటి. ఈ రెండు జిల్లాల నుంచి వలస వెళ్లినవారు, ఈ రెండు జిల్లాలకు వలస వచ్చినవారు తమ బతుకును తామే ప్రదర్శిస్తున్నప్పుడు, దానిని అవగాహన కార్యక్రమంగానో, పొరుగు రాష్ట్రాల వారి సంప్రదాయ ప్రదర్శనగానో చూడవద్దు. ఈ నేల మీద ఇప్పుడు పుడుతున్న కళగా లెక్కించి, కళకు ఇచ్చే చోటును, కళాకారులకు ఇచ్చే పారితోషికాన్ని దానికి కూడా ఇవ్వండి.

పెర్ఫార్మెన్స్ ఆర్ట్ అనే మాట మనకు కొత్త కావచ్చు కానీ, దాని తీరు అర్థం కానంత కష్టమైనదేమీ కాదు. నాటకంలో నటుడు మరొకరి వేషం వేస్తాడు. ఇక్కడ వేషం ఉండదు. చేసే మనిషి తన శరీరంతో, తన సమయంతో ఒక పనిని నిజంగానే చేస్తాడు, చూసేవారు ఆ పనిని చూస్తారు. తైవాన్‌లో పుట్టిన తెచింగ్ షే అనే కళాకారుడు 1974లో ఓడ పనివాడిగా అమెరికా చేరి, ఓడ దిగిపోయి, కాగితాలేవీ లేకుండానే న్యూయార్క్‌లో ఉండిపోయాడు, హోటళ్లలో గిన్నెలు కడిగాడు. 1980 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు రాత్రింబవళ్లు, గంటకొకసారి, ఫ్యాక్టరీ కూలీలు హాజరు వేసుకునే గడియారంలో కార్డు కొట్టడమే ఆయన చేసిన ప్రదర్శన. ఆ ఏడాదిలోని 8,760 గంటలలో 133 సార్లు హాజరు తప్పింది. అందులో నిద్ర పట్టేసి తప్పినవి 94 అని ఆయనే లెక్క రాసి పెట్టాడు. 1981 సెప్టెంబరు నుంచి మరో ఏడాది ఏ కప్పు కిందికీ వెళ్లకుండా వీధులలోనే గడిపాడు. ఆ నియమం తప్పింది ఒక్కసారే, అది కూడా పోలీసులు పట్టుకుని లోపలికి తీసుకుపోయినప్పుడు. 1988లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించేదాకా ఆయన కాగితాలు లేని మనిషే. ఈ సంగతి మా బృందంలోని బేల్దారి మేస్త్రీకి చెప్పినప్పుడు ఆయన చుట్ట పక్కన పెట్టి, "బెంగుళూరులో షెడ్డు లేచిందాకా మేం నెలల తరబడి ఆకాశం కిందనే గదమ్మా పడుకునింది. దాన్ని కళంటారని మాకెవురూ చెప్పలా" అన్నాడు. ఆ మాటలోని వెటకారం నాకు తెలియకపోలేదు. అయినా మా పని మొదలైంది ఆ మాట దగ్గరనే.

మా ప్రదర్శనలలో ఒకటి మూట కట్టడం. కనిగిరి, పామూరు, చంద్రశేఖరపురం వైపు నుంచి బెంగుళూరుకు, హైదరాబాదుకు బేల్దారి పనులకు, గుంటూరు వైపు మిరప కోతలకు పోయే కుటుంబాలు ఏటా కట్టే మూట అది. మా బృందంలోని ఒక ఆడమనిషి ఒక బస్టాండు అరుగు మీద పాత దుప్పటి పరిచి, ఒక్కొక్క వస్తువును ఎత్తి చూపి, దాని పేరు చెప్పి, దుప్పటి మీద పెడుతుంది. బియ్యం సంచి, పచ్చడి జాడీ, రెండు సత్తు గిన్నెలు, తాపీ, తూకం గుండు, పిల్లవాడి టీసీ, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, టార్పాలిన్. అన్నీ పెట్టి ముడి వేసి, నెత్తికెత్తుకుని, పది అడుగులు నడిచి, మళ్లీ దించి, ముడి విప్పి, మొదటి నుంచి కడుతుంది. ఇలా రెండు గంటలు సాగుతుంది. మొదటిసారి చేసిన రోజున బస్సు కోసం కూర్చున్న వాళ్లు ఆమెకు మతి చలించిందనుకుని పక్కకు జరిగారు. మూడోసారి ముడి విప్పుతున్నప్పుడు ఒక ముసలాయన ఉండబట్టలేక లేచి వచ్చి, "టార్పాలిన్ అడుగున పెడితే ఎట్టమ్మా, దిగంగానే మొదట కావాల్సింది అదే గదా!" అని కోప్పడి, తానే తీసి పైన పెట్టాడు. ఇంకొకామె, కారం డబ్బా లేకుండా బయలుదేరేది ఎక్కడికని అడిగింది. ఇద్దరు ఆడవాళ్లు రేషన్ కార్డు వెంట తీసుకుపోవాలా, ముసలివాళ్ల బియ్యం కోసం ఇంట్లోనే ఉంచి పోవాలా అన్న దాని మీద గట్టిగా వాదించుకున్నారు. బస్సు వచ్చింది, కొందరు ఎక్కనే లేదు. ఆ పూట మేము చేసిన ప్రదర్శనలో సగం వాళ్లు చేసినదే. మూట ఎలా కట్టాలో తెలిసిన ప్రేక్షకులు ఉన్న చోటనే అది సాధ్యమైంది. అదే ప్రదర్శనను కళామందిరంలో కుర్చీల ముందు చేసిన రోజున చప్పట్లు బాగానే వచ్చాయి, టార్పాలిన్ మాత్రం చివరిదాకా అడుగునే ఉండిపోయింది.

మరొకటి తాళంచెవులది. మెట్ట మండలాలలోని ఒక పల్లెలో, పేరు చెప్పను, డెబ్భై ఏళ్లు దాటిన ఒక అవ్వ తన కొంగు ముడిలో పద్నాలుగు తాళంచెవులు మోస్తుంది. వలస పోయేవాళ్లు ఇల్లు తాళం వేసి చెవి ఆమె చేతిలో పెట్టి పోతారు. సాయంత్రమయ్యేసరికి ఆమె ఒక్కొక్క ఇంటికి పోయి, తాళం లాగి చూసి, గడప ముందు చీపురుతో నాలుగు విసుర్లు విసిరి వస్తుంది. మేము ఆమెకు నేర్పినదేమీ లేదు. ఆమె వెనక నడవడానికి ఊరివాళ్లను, పక్క ఊళ్లవాళ్లను పిలిచామంతే. తలుపు దగ్గర ఆగి ఆమె చెబుతుంది: "ఇది మా బావగారి మనవడిది, హైదరాబాదు. ఇది ఎదురింటోళ్లది, బెంగుళూరు, పోయిన శ్రావణంలో పోయినారు. ఇది కువైట్ అమ్మిది, వస్తానంటది, రాదు." పద్నాలుగో తాళంచెవి ఎవరిదో ఆమె మరిచిపోయింది. ఏ తలుపుకూ పట్టని ఆ చెవిని కూడా ఆమె పారేయలేదు. ఆ సాయంత్రం మా వెనక నడిచినవారిలో అంతకుముందు ఏ నాటక పరిషత్తుకూ వెళ్లనివాళ్లే ఎక్కువ. ఒక్కరూ "ఇది ఏ కళారూపం?" అని అడగలేదు.

వెళ్లినవారి సంగతి ఇది. వచ్చినవారి మాట కూడా చెప్పాలి. చీమకుర్తి నల్లరాయి, చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు, ప్రపంచమంతటా ఇళ్ల నేలల మీద పరుచుకుంది. దానిని తవ్వి, కోసి, పాలిష్ పట్టే చేతులలో ఒడిశా, బిహార్, రాజస్థాన్ నుంచి వచ్చినవి ఎన్నో ఉన్నాయి. మా బృందంలో డ్రిల్లింగు పని చేసిన ఒడియా యువకుడు ఒకడున్నాడు. అతని ప్రదర్శన చాలా చిన్నది. స్టీలు గ్లాసును అంచు దాకా నీళ్లతో నింపి, చేయి ముందుకు చాచి పట్టుకుని నిలబడతాడు. ఏళ్ల తరబడి యంత్రం పట్టిన చేయి కదా, నిలకడగా ఉండదు. నీళ్లు తొణికి, మణికట్టు మీదుగా మోచేతి దాకా జారి, బొట్లు బొట్లుగా నేల మీద పడుతుంటాయి. గ్లాసు ఖాళీ కాదు, సగానికి వచ్చి ఆగుతుంది. అప్పుడతను ఆ సగం నీళ్లు తాగి, వెళ్లి కూర్చుంటాడు. 2025 ఆగస్టులో బల్లికురవ దగ్గర ఒక గ్రానైటు క్వారీలో బండరాళ్లు విరిగిపడి ఒడిశా కార్మికులు ఆరుగురు చనిపోయారు. ఆ వారం అతను గ్లాసు పట్టుకోవడానికి ఒప్పుకోలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

ఇక్కడ మీలో కొందరికి కలిగే సందేహం నాకు తెలుసు, ఎందుకంటే ఒక సభలో అది నాతోనే అన్నారు. ఒడియా వాళ్లు ఉన్నారు కదా, వారి సంప్రదాయ నృత్యం ఏదైనా చేయించండి, వేషధారణతో బాగుంటుంది అని. మా అబ్బాయికి ఏ సంప్రదాయ నృత్యమూ రాదు. అతనికి వచ్చినది రాయిలో బెజ్జం వేయడం, క్వారీలో నేర్చిన తెలుగు, సగం హిందీ. పడమటి ఒడిశా వారి కొత్త బియ్యపు పండుగ నువాఖాయి మన వినాయక చవితి మరునాడు వస్తుంది. అతని గది పక్కన ఉండే తెలుగువాళ్లు చవితి ఉండ్రాళ్లు ఇస్తే, మరునాడు అతను ఇచ్చే కొత్త బియ్యపు పరమాన్నం వాళ్ల ఇంటికి పోతుంది. కొన్నేళ్లుగా ఆ రెండు రోజులూ అక్కడ ఒకే పండుగగా నడుస్తున్నాయి. వాళ్ల పఖాళ అన్నమూ, మన చద్దన్నమూ ఒకటేనని కనిపెట్టినది కూడా ఆ పక్కింటి పిల్లలే. బెంగుళూరు షెడ్లలో పెరిగి సంక్రాంతికి కనిగిరి వచ్చిన మనవడు "ఊట అయిందా జేజీ?" అని, భోజనానికి కన్నడ మాట వాడి అడిగితే, మొదట్లో విసుక్కున్న జేజి ఇప్పుడు తానే వాడిని ఊటకు పిలుస్తోంది. కువైట్‌లో పదకొండేళ్లు ఇంటిపని చేసి వచ్చిన మా బృందం సభ్యురాలు, మామిడికాయ దొరకని నెలల్లో నెల్లూరు చేపల పులుసులో అక్కడి నుంచి తెచ్చుకున్న ఎండు నిమ్మకాయ వేస్తుంది. ఆమె అత్తగారు మొదట తినలేదు, ఇప్పుడు అయిపోవచ్చిందని గుర్తు చేస్తోంది. దీనిని ఒడియా సంస్కృతి అనలేము, కన్నడమనీ అరబ్బు అనీ అనలేము, మన తాతల నాటి తెలుగు సంస్కృతి అని కూడా అనలేము. ఇది ఇక్కడే, మన కళ్ల ముందే తయారవుతున్నది. దీనికి వేషధారణ లేదు కనుక మీకు కనిపించడం లేదని నా అనుమానం.

ఇది మన సంప్రదాయం కాదనే మాటకు మన చరిత్రలోనే జవాబు ఉంది. మనమందరం ప్రాణంగా చూసుకునే తెలుగు నాటకం, 1880లలో ధార్వాడ నుంచి వచ్చి ఊరూరా తిరిగిన నాటక సమాజాలను చూసి ఊపు అందుకున్నది. పద్యం ఎత్తుకోగానే శ్రుతి పట్టే హార్మోనియం సముద్రాలు దాటి వచ్చిన వాద్యం. తోలుబొమ్మలు ఆడించే ఆరె కుటుంబాలు ఇంట్లో మరాఠీ మాట్లాడుకుంటూ, తెర వెనక తెలుగు పద్యం చదివి, జుట్టుపోలిగాడితోనూ బంగారక్కతోనూ పచ్చి తెలుగు మాట్లాడించాయి. ఆ బొమ్మలాట వారిలో నుంచే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక నాటక సమాజం పుట్టి, బండ్ల మీద సంసారాన్నీ తెరలనూ వేసుకుని తెలుగు దేశమంతా తిరిగింది. వలస వచ్చినవారి చేతిలో పుట్టిన ఈ కళలు మనవి కావని ఈ రోజు ఎవరైనా అంటారా? అంతెందుకు, ప్రకాశం జిల్లాయే 1970లో నెల్లూరు నుంచి కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి; గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల; కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తీసుకుని అతికిన జిల్లా. ఆ తరువాత గీతలు మళ్లీ మళ్లీ మారుతూనే ఉన్నాయి. నెల్లూరు జిల్లా ఎవరి పేరు పెట్టుకున్నదో ఆ పొట్టి శ్రీరాములు గారి కుటుంబం కనిగిరి ప్రాంతపు పడమటిపల్లె నుంచి మద్రాసు చేరినది. ఆయన 1901లో పుట్టినది మద్రాసులో, 1952లో 58 రోజుల నిరశన తరువాత కన్నుమూసినదీ మద్రాసులోనే. వలస పోయిన ఇంటి బిడ్డ పేరున్న జిల్లాలో వలస అన్న మాట దరఖాస్తులలో సమస్యగా మాత్రమే కనిపించడం నాకు వింతగా ఉంది.

నెల్లూరు వారికి మరొక మాట. మొహర్రం నాడు బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగను రాష్ట్ర పండుగగా ప్రభుత్వమే ప్రకటించింది. తల మీద ముసుగు వేసుకుని, నీళ్లలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. పుచ్చుకున్నవారు తీరిన తరువాత మళ్లీ వచ్చి ఇవ్వాలి. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఉద్యోగ రొట్టెల మధ్య ఇప్పుడు విదేశీ రొట్టె కూడా ఉంది. ఆ రొట్టెను ఏ శాస్త్రమూ చెప్పలేదు, ఏ కమిటీ తీర్మానించలేదు. వీసా కావలసిన జనం చెరువులో దిగి తామే సృష్టించుకున్నారు. మా కువైట్ అక్క ఆ రొట్టె పుచ్చుకునే వెళ్లింది, వచ్చి తిరిగి ఇచ్చింది. ఆమె ఇచ్చిన రొట్టెను అందుకున్న పిల్ల ఇప్పుడు ఏ దేశంలో ఉందో తనకు తెలియదని, ప్రతి ఏటా ఆ మెట్టు దగ్గరికే పోయి నిలబడతానని చెబుతుంది. పాటా పద్యమూ లేకుండా, మనుషులు తమ శరీరాలతో, తమ కోరికతో, ఒక చోట, ఒక సమయంలో నిజంగా చేసే పని ఇది. మేము చేసేది ఇంతకంటే కొత్తదేమీ కాదు.

మా తప్పు ఒకటి దాచకుండా చెబుతాను, ఎందుకంటే మీరు ఈ కళకు తలుపు తెరిస్తే రేపు అదే తప్పు పదిమంది చేస్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తరువాత, చెన్నై నుంచి ఒడిశాకు, బిహార్‌కు కాలినడకన పోతున్న కూలీలు నాయుడుపేట, నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి వెంట సాగడం మనమందరం చూశాము. రోడ్డు పక్క ఊళ్లవాళ్లు పులిహోర పొట్లాలు కట్టారు, చెప్పులు కొనిచ్చారు. ఏడాది తరువాత నేను కొందరు కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకుని, ఆ నడకను గుర్తు చేసే ప్రదర్శనగా, అదే రోడ్డు మీద ఎనిమిది కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచాను. పత్రికలలో ఫొటోలు వచ్చాయి. నిజంగా చెన్నై నుంచి నడిచి వచ్చి ఒంగోలులోనే ఆగిపోయిన కుర్రవాడు ఒకడు మాతో కొంత దూరం వచ్చి, చివరికి మెల్లగా, "అక్కా, మీ వెనకాల మంచినీళ్ల వ్యాను వస్తోంది కదా" అన్నాడు. ఆ ప్రదర్శనను మేము మళ్లీ చేయలేదు. ఎవరు నడిచారో వారే నడవాలి, లేదా నడవనని చెప్పే హక్కు వారికి ఉండాలి. వలస కూలీల వేషం వేసిన కళాశాల పిల్లలతో వలస మీద నాటికలు వేయించి బహుమతులు పంచడానికి నేను వ్యతిరేకిని కాను. అది వేరు, ఇది వేరు అని మాత్రం గుర్తించమంటున్నాను.

అందుకే డబ్బు మాట ముందు వస్తుంది. విద్యార్థికి ఒక పూట పోతే పాఠం పోతుంది, కూలికి ఒక పూట పోతే కూలి పోతుంది. 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కార్మికుడికి రానూపోనూ ఛార్జీలతో పాటు ప్రయాణంలో గడిచిన రోజులకు కూడా పనిలో ఉన్నట్టే లెక్కించి కూలి ఇవ్వాలని గుత్తేదారుకు చెప్పింది. ఆ చట్టం స్థానంలో ఇప్పుడు కొత్త కార్మిక నియమావళి వచ్చింది, పాత చట్టం ఎన్ని చోట్ల అమలైందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ ఊహ గొప్పది: దారిలో ఉన్న మనిషి కూడా పనిలో ఉన్నట్టే. ప్రదర్శకుడికి ఇచ్చే పారితోషికాన్ని ఆ పద్ధతిలోనే కట్టండి. ప్రదర్శన రోజుకు, సాధన రోజులకు, వచ్చిపోయే రోజుకు అతను పని చేసే చోట ఎంత కూలి వస్తుందో అంతకు తగ్గకుండా, ఛార్జీలు విడిగా, ప్రదర్శన ముగిసిన సాయంత్రమే చేతికి ఇవ్వండి. బిల్లు మూడు నెలల తరువాత మంజూరయ్యేసరికి ఆ మనిషి ఏ ఊళ్లో ఏ సైటు మీద ఉంటాడో మేము కూడా చెప్పలేము.

చోటు విషయంలో మాకు మందిరాల కంటే బస్టాండు అరుగులు, మార్కెట్ యార్డు షెడ్లు, క్వారీ రోడ్డు మలుపులు ఎక్కువ అవసరం. వీటికి అనుమతి కోసం ఇప్పుడు మేము మూడు నాలుగు కార్యాలయాలు తిరుగుతున్నాము. ఒక చోట ఇచ్చిన కాగితం ఇంకొక చోట చెల్లదు. ఒకే కాగితం మీద, ఒకే చోట తేలే ఏర్పాటు చేయండి. ముందుగా స్క్రిప్టు ఇమ్మని అడగకండి. గ్లాసులో నీళ్లు ఎప్పుడు తొణుకుతాయో ఎవరు రాసి ఇవ్వగలరు? ఏం చేస్తామో, ఎంతసేపు చేస్తామో, ఎవరెవరు చేస్తారో రాసి సంతకం పెడతాము, అది చాలు. ప్రదర్శన తెలుగులోనే ఉండాలన్న నిబంధనను కూడా సడలించండి. మెక్సికో నుంచి 1978లో అమెరికా వెళ్లిన గిల్యెర్మో గోమెజ్ పేన్యా అనే కళాకారుడు సరిహద్దు మీది బతుకును స్పానిష్, ఇంగ్లీషు కలగలిపిన మాటలోనే ప్రదర్శించి పేరు తెచ్చుకున్నాడు. సరిహద్దు మీద మనుషులు మాట్లాడేది అలాగే కనుక. మా ఒడియా అబ్బాయి మాట్లాడే తెలుగుకు వ్యాకరణం తక్కువ కావచ్చు, చీమకుర్తిలో దానితో అతను బియ్యం కొంటున్నాడు, జ్వరం వస్తే మందు అడుగుతున్నాడు, అద్దె కోసం వాదిస్తున్నాడు. మందిరంలో మాత్రం అది చెల్లదంటే ఎలా? సమయం గురించి ఒక్క మాట: ఉత్సవాలను వలస కుటుంబాలు ఊళ్లో ఉండే రోజులలో, అంటే సంక్రాంతికి, శివరాత్రి తిరునాళ్లకు పెట్టండి. జూలైలో పెట్టే వారోత్సవానికి తాళాలు మాత్రమే వస్తాయి.

పరిషత్తుల పెద్దలకు విడిగా ఒక మనవి. మీ పోటీలలో మాకు బహుమతి వద్దు, న్యాయనిర్ణేతలు మార్కులు వేయనక్కరలేదు. మీ నాటికల మధ్య విరామంలో మీ ఆవరణలో ఒక మూలన మూట కట్టుకోనివ్వండి. రాత్రి రెండు గంటల దాకా పద్యం కోసం కూర్చునే ప్రేక్షకులు మీకు ఉన్నారు. అంత ఓపిక ఉన్న ప్రేక్షకులు మాకు బస్టాండులో తప్ప ఇంకెక్కడా కనిపించలేదు. టార్పాలిన్ ఎక్కడ పెట్టాలో వారిలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

వచ్చే సంక్రాంతి వెళ్లిన మరునాడు, అంటే బెంగుళూరు బస్సులు కిక్కిరిసి బయలుదేరే రోజున, కనిగిరి బస్టాండులో ఉదయం ఆరు నుంచి పది దాకా మూట ప్రదర్శన చేయాలని అనుకుంటున్నాము. ముగ్గురు ఆడవాళ్లు, మేస్త్రీ, గ్లాసు అబ్బాయి పాల్గొంటారు. అవ్వ ఆరోగ్యం సహకరిస్తే తాళంచెవులతో వస్తానంది. దరఖాస్తు ఈ లేఖతో పాటు పంపుతున్నాను. అన్ని గడులూ నింపాను, "కళారూపం" గడిని మాత్రం ఖాళీగా వదిలాను. అక్కడ ఏం రాయాలో మీ కార్యాలయంలో తేల్చుకోవచ్చు. మాకు కావలసినది ప్లాట్‌ఫారం చివర ఎనిమిది అడుగుల చోటు, ఒక బకెట్టు మంచినీళ్లు. ఆ నాలుగు గంటలూ మైకులో బస్సుల ప్రకటనలు ఆపనక్కరలేదు, అవి కూడా మాకు కావాలి.

ఇట్లు,
ప్రదర్శన బృందం తరఫున,
ఒక బేల్దారి మేస్త్రీ కూతురు,
ఒంగోలు.